మహమ్మారి కాలంలో పాల బిల్లు

(అయిజలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలంలో ప్రభుత్వాలు తీసుకొన్న ఆర్థిక చర్యలను గురించి, అవి పాడి సంఘాలకు ఎంతవరకు పనికివచ్చాయన్న విషయం గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. అది ముగిసిన కథ గదా, ఇప్పుడెందుకని మీలో కొందరికి తోచవచ్చు. మేమూ మొదట అట్లాగే అనుకొన్నాము. అయితే ఈ ప్రసంగం కోసం 2020, 2021 సంవత్సరాల తనిఖీ పుస్తకాలు బయటికి తీసి చూశాము. ఆనాడు మేము రాసుకొన్న లోపాలలో సగానికి పైగా ఈనాటికీ అట్లాగే వున్నాయి. కాబట్టి ఇది పూర్తిగా పాత కథ కాదు.

ముందుగా ఆ రోజులను ఒకసారి గుర్తు చేసుకొందాము. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే మన రాష్ట్ర ప్రభుత్వం 31వ తేదీ వరకు లాక్‌డౌన్ ప్రకటించింది. 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి దేశమంతటికీ 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. దీనికి వాడిన చట్టాలు రెండు. ఒకటి 1897లో బొంబాయి ప్లేగు వచ్చినప్పుడు తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టం. రెండవది 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం. ఇందులో మనం మరచిపోకూడని సంగతి ఏమంటే, కేంద్రం ఇచ్చిన మొదటి మార్గదర్శకాలలోనే పాలకు, పశుగ్రాసానికి మినహాయింపు వుంది. పాలు ఆపమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.

కానీ ఉత్తర్వు ఒకటి, ఊరిలో జరిగినది ఒకటి. మినహాయింపు సంగతి హైదరాబాదులో కాగితం మీద వుంది. అది అయిజ రోడ్డు మీద లాఠీ పట్టుకొని నిలబడిన కానిస్టేబులుకు చేరడానికి కొన్ని రోజులు పట్టింది. క్యాన్లు కట్టుకొని మోటారు సైకిలు మీద బయలుదేరిన పాలవాళ్లను వెనక్కు పంపారు. ట్యాంకరు డ్రైవరుకు పాసు వుంటే క్లీనరుకు లేదు. మనది సరిహద్దు ప్రాంతం కావడం వల్ల ఇబ్బంది రెండింతలయింది. మన తాతల కాలంలో గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో వుండేవి. 1956లో గదా పాలమూరు జిల్లాలో కలిశాయి. గీతలు మారినా మన రాకపోకలు మారలేదు. ఆసుపత్రికి కర్నూలు, బేరానికి రాయచూరు, కచేరి పనికి గద్వాల. ఒక్క వారంలో మొదటి రెండు దారులూ మూతబడ్డాయి. ఆ ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కేసులు ఎక్కువగా వున్న జిల్లాలలో కర్నూలు ముందు వరుసలో వుంది. మన గద్వాలలోనూ కేసులు పెరిగాయి. భయం అకారణమైనది కాదు. పోలీసువారిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. మినహాయింపు ఉత్తర్వు నకలు ఒకటి సంఘం బల్ల సొరుగులో వుంటే ఆ వారం రోజులు అంత కష్టపడవలసి వచ్చేది కాదని మాత్రం చెబుతున్నాము. నకలు జేబులో పెట్టుకొని తిరిగిన కార్యదర్శి ఒకాయన ఒక్క పూట కూడా సేకరణ ఆపలేదు.

ఆ మొదటి వారంలో ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగిన మాట మాకు ఇప్పటికీ గుర్తు. "సారూ, ఊరు బందు పెట్టిండ్రు, బజారు బందు పెట్టిండ్రు. బర్రెకు ఎట్ల చెప్పాలె పొద్దున పాలు చేపొద్దని?" అన్నది. ఆర్థికశాస్త్రం పుస్తకాలు ఈ సంగతిని నాలుగు పేజీలలో చెబుతాయి. బట్టల కొట్టు మూసి తెరవవచ్చు, సరుకు అట్లాగే వుంటుంది. పాలు పూట దాటితే విరుగుతాయి. పిండకపోతే పశువుకు పొదుగు వాపు వస్తుంది. పిండితే ఎక్కడ పోయాలన్నది సమస్య.

ఇక దేశం మొత్తం మీద ఏమి జరిగిందో చూద్దాము. హోటళ్లు, టీ కొట్లు, మిఠాయి దుకాణాలు, హాస్టళ్లు మూతబడ్డాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. 2020 మే 15న కేంద్ర ఆర్థికమంత్రి చెప్పిన లెక్క ప్రకారం లాక్‌డౌన్‌లో పాల గిరాకీ 20 నుంచి 25 శాతం తగ్గింది. సహకార సంఘాలు రోజుకు 560 లక్షల లీటర్లు సేకరిస్తే అమ్ముడుపోయినవి 360 లక్షల లీటర్లు. మిగిలిన పాలను వెన్నగా, పొడిగా మార్చి గోదాములలో పెట్టారు. అట్లా అదనంగా కొన్న పాలు 111 కోట్ల లీటర్లు, రైతులకు చెల్లించినది 4,100 కోట్ల రూపాయలు. భాగించి చూడండి, లీటరుకు సుమారు 37 రూపాయలు పడుతుంది.

ఈ లెక్క చూసి సంతోషించవలసినదే. అయితే దీని వెనుక వున్న బరువు కూడా తెలుసుకోవాలి. మామూలుగా మన బర్రెలు వానాకాలం చివర, చలికాలంలో ఎక్కువ పాలిస్తాయి. ఆ మిగులును పొడి చేసి, ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు కలిపి అమ్ముకోవడం డెయిరీల పద్ధతి. 2020లో ఈ చక్రం తిరగబడింది. పొడి వాడుకోవలసిన ఏప్రిల్, మే నెలల్లోనే పొడి చేయవలసి వచ్చింది. పొడి కుప్పలు పెరిగితే ధర పడిపోతుంది. ధర పడితే బ్యాంకు అప్పు తీరదు. రైతు బిల్లు పదిహేను రోజులకోసారి ఇవ్వక తప్పదు. సహకార డెయిరీ నడుపుతున్నవారికి ఆ నెలల్లో నిద్ర పట్టి వుండదని మా అభిప్రాయం.

ఇరుగు పొరుగు రాష్ట్రాలు ఈ మిగులును తలా ఒక విధంగా ఎదుర్కొన్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వం రోజుకు 10 లక్షల లీటర్ల వరకు ఆవు పాలను లీటరు 25 రూపాయలకు కొని పొడి చేయించే పథకం పెట్టింది. అయినా అక్కడ ప్రైవేటు డెయిరీలు ధర తగ్గించడంతో ఆ జులై, ఆగస్టులలో రైతులు రోడ్ల మీద పాలు పారబోసి ఆందోళన చేశారు. కర్ణాటక ప్రభుత్వం తమ సమాఖ్య పాలు కొని ఏప్రిల్‌లో మురికివాడలలోని పేదలకు ఉచితంగా పంచింది. మిగులు పాలు పొడి కావడం కంటే పిల్లవాని కడుపులోకి పోవడం మంచిది గదా. ఆ పద్ధతి మాకు నచ్చింది.

మన రాష్ట్రంలో ఇచ్చిన సహాయం మీ అందరికీ తెలిసినదే. తెల్ల రేషను కార్డు వున్న ఇంటిలో మనిషికి 12 కిలోల చొప్పున ఉచిత బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు. ఖాతా లేనివారికి ఆ సొమ్ము తపాలా కార్యాలయం ద్వారా ఇచ్చారు. కేంద్రం జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. పి.ఎం. కిసాన్ కింద 2,000 రూపాయల వాయిదాను ముందుగా ఇచ్చింది. యాసంగి ధాన్యాన్ని ఊళ్లలోనే కేంద్రాలు పెట్టి కొన్నారు. ఆ పనిలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు పెద్ద పాత్ర వహించాయన్నది మన శాఖకు గర్వకారణం. రాబడి తగ్గినందున రాష్ట్ర ప్రభుత్వం మార్చి జీతం నుంచి మావంటి ఉద్యోగుల జీతంలో సగం వాయిదా వేసింది. తరువాత ఇచ్చిందిలెండి. ఆ నెలల్లో మేము కూడా కిరాణా కొట్టులో ఖాతా పెట్టాము. నెలకోసారి వచ్చే డబ్బు ఆలస్యమైతే ఇల్లు ఎట్లా వుంటుందో అప్పుడు మాకు బాగా తెలిసింది. సభ్యుల పాల బిల్లు ఆలస్యమయిందని సంఘాలకు మెమోలు రాసేవాళ్లం గానీ, అంతకు ముందు ఆ బాధ మాకు అనుభవంలో లేదు.

ఆ ఏప్రిల్‌లో బ్యాంకుల ముందు బారులు చూశారు గదా. ఖాతాలో పడిన డబ్బు తీసుకోకపోతే వెనక్కు పోతుందని ఎవరో పుట్టించిన మాట. డబ్బు ఎక్కడికీ పోదని ప్రభుత్వం చెప్పినా జనం నమ్మలేదు. కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారుతో అంతకు ముందే ఫిబ్రవరిలో కోళ్ల పరిశ్రమ కూలబడింది. మంత్రులు హైదరాబాదులో సభ పెట్టి కోడి మాంసం తిని చూపించవలసి వచ్చింది. పాల మీద అంతటి పుకారు పుట్టకపోవడం మన అదృష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఈ సహాయాలన్నింటినీ వరుసగా పెట్టి చూడండి. బియ్యానికి రేషను కార్డు జాబితా. 500 రూపాయలకు జన్‌ధన్ జాబితా. పి.ఎం. కిసాన్‌కు, ఆ జూన్‌లో వేసిన రైతుబంధుకు పట్టా భూమి జాబితా. ప్రభుత్వం ఎంత పెద్దదైనా జాబితాలో పేరున్నవారినే చూడగలదు. మరి సెంటు భూమి లేకుండా రెండు బర్రెలతో బతికే మనిషి ఏ జాబితాలో వుంటుంది? పాడిరైతు అని ఆమెను గుర్తించే కాగితం దేశంలో ఒక్కటే వుంది. అది మీ సంఘం సభ్యత్వ రిజిస్టరు.

2020 జూన్, జులై నెలల్లో పాల సమాఖ్యలకు పాలు పోసే కోటిన్నర మంది రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డులు ఇవ్వాలని కేంద్రం ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. అప్పట్లో హామీ లేకుండా మామూలుగా 1,60,000 రూపాయల వరకే ఇచ్చేవారు. సమాఖ్యకు నేరుగా పాలు పోసేవారికి 3 లక్షల వరకు హామీ లేకుండా ఇవ్వవచ్చునన్నారు. పశువుల పెంపకానికి ఇచ్చే ఈ అప్పులో 2 లక్షల వరకు సకాలంలో కట్టినవారికి వడ్డీ 4 శాతమే పడుతుంది. ఊరిలో నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీ ఇచ్చి దాణా కొనేవారికి ఇది చిన్న సంగతి కాదు. దీనికి దరఖాస్తు సంఘం ద్వారా పోవాలి. అంటే రిజిస్టరులో పేరుండాలి.

ఆ జులైలో మేము ఒక సంఘానికి జాబితా సరిచూడటానికి వెళ్లాము. ఊరి పేరు చెప్పము. పాల కొలత జరుగుతున్నది. ఒక సోదరి క్యాను ఒంచింది. పరీక్షకుడు వెన్న చూసి నెంబరు పిలిచాడు. ఆ నెంబరు ఎదురుగా రిజిస్టరులో మగమనిషి పేరు వుంది. అడిగితే ఆమె భర్త అన్నగారని చెప్పారు. ఆమె ఏడేళ్లుగా ఆ నెంబరు మీదనే పాలు పోస్తున్నది. సభ్యత్వం బావగారిది, ఖాతా బావగారిది, బర్రెలు ఆమెవి. సీజనులో పత్తి విత్తనపు చేలకు క్రాసింగు కూలికి పోయేది. మిగతా సంవత్సరమంతా పాల మీదనే ఇల్లు.

బావగారు చెడ్డవాడు కాదు. బిల్లు పడగానే తెచ్చి ఇచ్చేవాడట. కానీ ఆ ఏప్రిల్, మే నెలల్లో రెండు బిల్లుల సొమ్మును ఆయన పాత బాకీ కింద బ్యాంకు జమ కట్టుకొన్నది. ఆయనకు చెప్పుకోవడానికి మొగం చెల్లలేదు, ఈమెకు అడగడానికి ఆధారం లేదు. దాణా కొట్టువాడు అరువు ఆపాడు. పశువుల సంతలు బందు వున్న కాలం. ఇంటి ముందరికి వచ్చిన బేరగాడు చెప్పిందే ధర. మేము వెళ్లేనాటికి ఆమె ఒక బర్రెను అమ్మేసింది. క్రెడిట్ కార్డు జాబితాలో బావగారి పేరు వెళ్లింది. ఆయనకు పాత బాకీ వుంది గనుక అది రాలేదు. ఈమె పేరు వెళ్లలేదు గనుక ఈమెకూ రాలేదు.

మేము కార్యదర్శి మీద కోప్పడ్డాము. ఆయన ఏమీ మాట్లాడకుండా అంతకు ముందరి సంవత్సరపు తనిఖీ నివేదిక తీసి మా ముందర పెట్టాడు. "సభ్యత్వ రిజిస్టరు పరిశీలించడమైనది. సక్రమముగా నున్నది" అని వుంది. కింద మా సంతకం.

ఆ రోజు మేము రిజిస్టరు కట్టలు లెక్కపెట్టామే గానీ కొలత దగ్గర నిలబడలేదు. ఒక పూట నిలబడి వుంటే తెలిసేది. అప్పటి నుంచి మేము ఏ సంఘానికి పోయినా తెల్లవారుజామున పోతున్నాము. మా రాక కొందరికి కష్టంగా వున్నట్టు విన్నాము. అది మానుకొనే ఉద్దేశం మాకు లేదు.

ఆ తరువాతి మహాజన సభలో ఆమెకు సభ్యత్వం ఇచ్చారు. ఇంతలో 2021 మేలో రెండవసారి లాక్‌డౌన్ వచ్చింది. మే 12న మొదలై మొదట ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు, జూన్ 20న పూర్తిగా ఎత్తివేశారు. మొదటిసారి ఆకలి భయం ఎక్కువ, రెండవసారి ప్రాణభయం ఎక్కువ. పుల్లూరు దగ్గర అంబులెన్సులు ఆపడం, హైకోర్టు కలుగజేసుకోవడం మీకు తెలుసు. ఆమె ఇంటిలోనూ ఆసుపత్రి ఖర్చు వచ్చి రెండవ బర్రె కూడా పోయింది. 2021 నవంబరు 15 నుంచి 2022 ఫిబ్రవరి 15 వరకు కేంద్రం మళ్లీ పాడి, మత్స్య రైతుల క్రెడిట్ కార్డుల కార్యక్రమం పెట్టినప్పుడు ఆమె పేరు జాబితాలో మొదట రాయించాము. బ్యాంకువారు పశువులెన్ని అని అడిగారు.

"బర్రె వున్నప్పుడు పేరు లేదాయె సారూ, పేరు వచ్చినంక బర్రె లేదాయె" అన్నది ఆమె. కోపంగా అనలేదు. మాకు బదులు తోచలేదు.

ఇంకొక చిక్కు గురించి చెప్పాలి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల కిస్తీలకు మూడు నెలల వాయిదా ఇచ్చింది, మేలో మరి మూడు నెలలు పొడిగించింది. మన సభ్యులలో చాలామంది దీనిని మాఫీ అనుకొన్నారు. వాయిదా అంటే కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు. 40,000 రూపాయల బర్రె అప్పు 12 శాతం వడ్డీ మీద ఆరు నెలలు ఆపితే 2,400 రూపాయలు నెత్తి మీదికి వస్తుంది. డబ్బు చేతిలో వున్నవారు కూడా ఆపుకొని సెప్టెంబరులో ఆ భారం చూసి లబలబలాడారు. తరువాత చక్రవడ్డీ తేడాను ప్రభుత్వమే భరిస్తుందని పత్రికలలో చదివి కొందరు మా దగ్గరికి వచ్చారు. అది ఇంటి అప్పు, వాహనం అప్పు, వ్యక్తిగత అప్పు వంటి ఎనిమిది తరగతులకే. పంట రుణాలు, ట్రాక్టరు రుణాలు అందులో చేరలేదు. ఇటువంటి ప్రకటన వచ్చిన రోజున దాని అర్థం నాలుగు ముక్కలలో రాసి సేకరణ కేంద్రం గోడకు అంటించడం కార్యదర్శి పని. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

పాడి సహకార సంస్థలకు 2020-21లో ప్రకటించిన 2 శాతం వడ్డీ రాయితీ, సక్రమంగా కట్టినవారికి మరో 2 శాతం కూడా ఇట్లాంటిదే. మాకెందుకు రాలేదని గ్రామ సంఘాలవారు అడిగారు. అది బ్యాంకు నుంచి నిర్వహణ పెట్టుబడి తెచ్చుకొన్న సంస్థలకు. మీకు రావలసినది రాయితీ కాదు, దాని వలన పైవారు ఆలస్యం చేయకుండా చెల్లించే బిల్లు.

బిల్లు ఆలస్యమైనప్పుడు ఏమి చేయాలి? ఆ సంవత్సరం మేము చూసిన సంఘాలలో ఒకటి మహాజన సభ తీర్మానం చేసి, అనుమతి తీసుకొని, తన నిధి నుంచి సభ్యులకు సగం బిల్లు బయానాగా ఇచ్చింది. పై నుంచి బిల్లు రాగానే తిరిగి జమ కట్టుకొంది. పెద్ద సంఘం కాదు, రోజుకు రెండు మూడు వందల లీటర్ల సంఘం. ఏటా లాభం చూపించి రిజర్వు నిధికి వేయవలసినది వేసి, మిగతాది బోనసు పంచిన సంఘం. పక్క ఊరి సంఘం దానికంటే పెద్దది. నిధి పుస్తకంలో వుంది గానీ బ్యాంకులో లేదు. "చేతిలో నగదు" అన్న పద్దు కింద ఏళ్లకేళ్లు మోసుకొస్తున్నారు. ఎవరి చేతిలో అని అడిగితే ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. ఆ ఊరిలో సభ్యులు ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోయారు. ఏజెంటు మొదటి నెల బాగానే కొన్నాడు, రెండవ నెల నుంచి ధర తగ్గించాడు.

అదే కాలంలో సభ్యులు కానివారు మన గేటు ముందర క్యాన్లతో నిలబడ్డారు. హోటళ్లకు, కర్నూలుకు పాలు వేసేవాళ్లు రావడం మానేశారు గనుక వాళ్లకు దిక్కులేదు. తీసుకోవాలా వద్దా అని పాలకవర్గాలలో తగాదాలు జరిగాయి. బోనసు వున్నప్పుడు రాలేదు, కష్టం వచ్చినప్పుడు వచ్చారన్న మాటలో న్యాయం వుంది. అయితే పాలు పారబోయించడం సహకారం కాదు. మా సలహా ఏమంటే, వాటా ధనం కట్టించుకొని, దరఖాస్తు రాయించుకొని, సభ్యునిగా చేర్చుకొని పాలు తీసుకోండి. ఇంకొకరి నెంబరు మీద మాత్రం పోయించుకోకండి. పైన చెప్పిన సోదరి కథ అట్లా మొదలైనదే.

2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశపు స్థూల ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా వచ్చింది. ఆ పట్టికలో పెరిగినది వ్యవసాయం ఒక్కటే, 3.4 శాతం. పట్నాలలో పని పోయినవారు నడిచి ఊరికి వస్తే పాలమూరు ఇళ్లు వాళ్లకు అన్నం పెట్టాయి. ఆ అన్నంలో పెరుగు వేసినది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. 2022లో పశువులకు లంపీ చర్మవ్యాధి వచ్చింది. అప్పుడూ టీకాకు ముందు ఎవరి దగ్గర ఎన్ని పశువులన్న జాబితానే అడిగారు.

ఇప్పుడు భోజన విరామం. ఆ తరువాత మేము సాయంత్రం అయిదు గంటల వరకు ఇక్కడే వుంటాము. సభ్యత్వ రిజిస్టరు, గత నెల పాల కొలత పుస్తకం రెండూ తెచ్చినవారు వరుసగా రండి. పేరు పేరూ పక్కపక్కన పెట్టి చూద్దాము. పాలు పోసే చేయి ఒకటి, పేరు ఒకటిగా వున్న నెంబర్ల ముందర పెన్సిలుతో గుర్తు పెడతాము. వాళ్ల చేత ఈ నెలలోనే దరఖాస్తులు రాయించండి. ఫారాలు మా దగ్గర వున్నాయి. రిజిస్టరు తేవడం మరచినవారి ఊరికి మేమే వస్తాము, ఏ రోజున వచ్చేదీ ముందుగా చెప్పము.